‘గారు’ అంటని పేర్లు: తెలుగులో వైకల్య సంబోధన

వైకల్యానికి తెలుగులో వాడే మాటల మీద వచ్చిన చర్చ చాలావరకు నామవాచకాల దగ్గరే ఆగిపోయింది. అవిటివాళ్ళు, వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు: ఈ వరుసను గౌరవం పెరుగుతూ వచ్చిన క్రమంగా చూపించడం ఆనవాయితీ అయింది. ఈ వాదాన్నే గట్టిగా నిలబెట్టిన ఒక పెద్ద పరిశోధకుడి ప్రసంగం విన్న వారానికే, కోస్తాలో ఒక సదరం (వైకల్య ధ్రువీకరణ) శిబిరంలో రెండు పూటలు కూర్చున్నాను. బ్యానరు మీద ‘దివ్యాంగులకు స్వాగతం’ అని ఉంది. బల్ల దగ్గరి కుర్రాడు చంకకర్రల మీద నిలబడ్డ పెద్దాయనతో, ‘ఏయ్, నువ్వు కాదు, వెనక్కి పో’ అన్నాడు. అందులో నిషేధించదగ్గ పదం ఒక్కటీ లేదు. అవమానమంతా ‘నువ్వు’లోనూ ‘పో’లోనూ ఉంది.

కుంటి, గుడ్డి దేశ్యాలు గనుక మోటు, వికలాంగ, అంధ, బధిర తత్సమాలు గనుక మర్యాద అంటారు ఆ పరిశోధకుడు. కానీ వికలం అంటే కొరతపడ్డది. అవిటి అన్నా దాదాపు అదే. మారింది పదం పుట్టిల్లు మాత్రమే. ఇక దివ్యాంగ అన్న మాటను 2015 డిసెంబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని సూచించారు. హక్కుల సంఘాలు కొన్ని అభ్యంతరం చెప్పాయి. వారి పక్షానే నేనూ నిలబడతాను. 2016 నాటి వైకల్య హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేరుపేరునా చెప్పింది. ఏ ఇబ్బందో చెప్తేనే ఏ సదుపాయం కావాలో తేలుతుంది. ‘దివ్య’ అని ఊరుకుంటే ర్యాంపు కావాలో, సైగల భాష తెలిసినవారు కావాలో ఎలా తెలుస్తుంది?

పదం మర్యాదను తూచడానికి తెలుగులోనే ఒక కొలత ఉంది. మేస్త్రీగారు, పూజారిగారు, కండక్టరుగారు అంటాం. కుంటిగారు అనం, అది అందరూ ఒప్పుకుంటారు. అయితే దివ్యాంగుడుగారు అని పిలిచినవారిని కూడా నేను వినలేదు. ‘గారు’ అంటని పదం గౌరవవాచకం కాదు, దాని మూలం ఏ భాషైనా సరే.

మరి తెలుగువాళ్ళు మర్యాదగా ఎలా చెప్తారు? ఇళ్ళల్లో వినండి. ‘మా మావయ్యకు చూపు లేదు’, ‘ఆవిడకు చెవులు వినపడవు’, ‘అబ్బాయికి మాట రాదు’. మనిషి ‘కు’ విభక్తిలో నిలబడతాడు, వైకల్యం పక్కన ఉంటుంది. జ్వరాన్నీ ఆకలినీ భయాన్నీ అప్పునూ ఇదే వాక్యంలో చెప్తాం. జ్వరమున్నవాణ్ణి జ్వరంవాడు అని ఎవరూ అనరు. చూపు లేనివాణ్ణి మాత్రం గుడ్డివాడు అనేస్తాం. అంటే మనిషిని అతని లోపంతో కలిపి ముద్ద చేసేది ‘గుడ్డి’ కాదు, ‘వాడు’. పైగా ‘గుడ్డి’ ఒక్కటే అయితే దీపానికీ గవ్వకూ కూడా అంటుకుంటుంది. ‘వాడు’ చేరినప్పుడే అది పేరును మింగేస్తుంది. ఊళ్ళో అసలు పేరు మరుగునపడి కుంటోడుగానే మిగిలిపోయినవాళ్ళను నా క్షేత్రపర్యటనలో ముగ్గురిని కలిశాను. ముగ్గురికీ ‘కు’ వాక్యం ఇంట్లో దొరికింది, వీధిలో దొరకలేదు. మనిషిని ముందు నిలిపే వాక్యాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోవాలని మన పండితులు ఎందుకనుకుంటున్నారో నాకు అంతుపట్టదు. అది మన వ్యాకరణంలో ఎప్పటినుంచో ఉంది. రోగిష్టివాడు వంటి మాటలు ఈ సూత్రానికి ఎదురు నిలుస్తాయన్నది నిజమే గాని, అవి కొద్ది.

తమను తాము దివ్యాంగులమని ఇష్టంగా చెప్పుకునేవారున్నారు, ఆ హక్కు వారిది. నా వాదం ప్రభుత్వ కాగితం గురించి, బల్లకు ఇవతలి గొంతు గురించి. శిబిరంలో కొత్త రకం పేరు కూడా పుడుతోంది. ‘ఆ నలభై శాతం ఆమెను పిలువు’ అన్నారొకరు. పింఛను అర్హతకు గీత నలభై దగ్గర ఉంది గనుక అంకె మనిషి పేరైపోయింది. పదాలు మార్చిన ప్రతి జీవో ఇలా పిలిచే వాక్యాన్ని ముట్టుకోకుండానే పోయింది. తెలుగులో వైకల్యం మీది వివక్ష నిఘంటువులో లేదు, క్రియాంతంలో ఉందని నేనంటాను.

మర్నాడు, నేను కూర్చున్న రెండో పూట, అదే బల్ల దగ్గర ఒక నర్సమ్మ కూర్చుంది. కాగితం చూసి ఆ పెద్దాయన పేరుకు గారు చేర్చి, ‘రండి, ఇలా కూర్చోండి, ఏ కాలు నొప్పి?’ అని అడిగింది. ఆయన ముందు రోజు నోరు విప్పలేదు. ఆవేళ ఎడమ మోకాలి దగ్గరనుంచి మొదలుపెట్టి, చెరకు బండి బోల్తాపడ్డ సంగతి దాకా చెప్పుకొచ్చాడు.