కౌంట్‌డౌన్ ఆపడం కూడా ఇంజనీరింగే!

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, రంగూ తేమా చూసి ధర చెప్పేస్తాడు. మచ్చు బాగుంటే సరుకు బాగున్నట్టే. ఒంగోలు మీదుగా చెన్నై వెళ్ళే రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగితే శ్రీహరికోట దగ్గరే. అక్కడ మాత్రం మచ్చుతో పని జరగదు. పీఎస్ఎల్వీ మొదటి దశలో పట్టే సుమారు 139 టన్నుల ఘన ఇంధనాన్ని అక్కడే కలిపి, పోతపోసి, లోపల పగుళ్ళూ గాలి బుడగలూ వున్నాయేమోనని ఎక్స్‌రే తీస్తారు. ఒకసారి అంటుకున్నాక ఆర్పడం కుదరదు మరి!

1971 అక్టోబర్ 9న ఒక చిన్న సౌండింగ్ రాకెట్టుతో మొదలైన ఈ కేంద్రం గురించి మనం చదివేవన్నీ ఎగిరిన కథలే. ఆగిన కథలు చూడండి.

1979 ఆగస్టు 10. ఎస్ఎల్వీ-3 మొదటి ప్రయోగం. కంప్యూటర్ హోల్డ్ పెట్టింది. నిపుణులు ఫర్వాలేదన్నారు. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారు దాన్ని పక్కనబెట్టి ముందుకెళ్ళారు (ఈ మాట ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు). రెండో దశ కంట్రోల్ సిస్టంలో మలినం చేరిన ఒక వాల్వు తెరుచుకునే వుండిపోయి నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. 317 సెకన్లకి రాకెట్టు సముద్రంలో పడింది. విజయం 1980 జులై 18 దాకా ఆగాల్సొచ్చింది.

2001 మార్చి 28. మొదటి జీఎస్ఎల్వీ. లేవడానికి 1 సెకను ముందు, ఒక స్ట్రాపాన్ ఇంజను చాలినంత థ్రస్ట్ ఇవ్వట్లేదని కంప్యూటర్ గమనించి అన్నీ ఆపేసింది. ఆ 1 సెకనులో మనిషిని అడిగే వీలెక్కడిది? అందుకే ఆపే అధికారం ముందే దానికి రాసిచ్చారు. రాకెట్టు దక్కింది. ఏప్రిల్ 18న అదే ఎగిరింది.

2013 ఆగస్టు 19న జీఎస్ఎల్వీ-డీ5కి ఇంకా 1 గంట 14 నిమిషాలుండగా రెండో దశలో ఇంధనం లీకైంది. ఈసారి ఎవరూ "ఫర్వాలేదు" అనలేదు. ఆ దశనే మార్చేశారు, ట్యాంకులకి వేరే అల్యూమినియం మిశ్రమం వాడారు. 2014 జనవరి 5న మన క్రయోజనిక్ ఇంజనుతో గెలిచారు.

మన ఆఫీసుల్లో ఫెయిలైన టెస్టుని "తెలిసిన ఇష్యూయే" అని దాటించి రిలీజ్ చేయించడం మామూలే. టెస్టులు రాయడం అందరూ నేర్చుకుంటారు. వాటి మాట వినడమే కష్టం. శ్రీహరికోట దాన్ని ఒక రాకెట్టు ఖరీదు పెట్టి నేర్చుకుంది. మనకి ఆ పాఠం ఉచితంగానే దొరుకుతోంది కదా?