పాతాళజలములలోని చిన్న ప్రాణులు

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు పోవు దారిలో మనకు అడుగడుగునా రాతి గుండ్లు కనిపించును. ఒకప్పుడు ఆ గుండ్ల నడుమ ద్రాక్షతోటలు, వాటికి నీరిచ్చు బావులు ఉండేవి. బావిలో నీరు ఊరుట మనము చూచినదే. ఊరక ముందు ఆ నీరు ఎక్కడ ఉండునో ఆలోచించినవారు తక్కువ. రాయి శిథిలమై మొరముగా మారిన పొరలోను, అడుగు బండ నెర్రెలలోను అది నిలిచి ఉండును. సున్నపురాతి సీమలలోనైతే నీరు రాతినే కరిగించి గుహలను తొలుచును. ఈ వెలుగెరుగని నీటిలోను ప్రాణులు కలవన్న సంగతి శాస్త్రలోకమునకు తెలిసి నూటనలుబది ఏండ్లు దాటినది.

1882లో వెజ్డోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు ప్రాగ్ నగరములోని ఒక బావినీటిలో కన్నులు లేని అతి సూక్ష్మప్రాణిని కనుగొని, దానికి బాతినెల్లా అని పేరు పెట్టినాడు. రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేసియా వర్గములోనిదే అది. మరుసటి ఏడు న్యూజీలాండులో ఛార్లెస్ చిల్టన్ బావులలో దొరికిన మరియొక గుడ్డిప్రాణికి ఫ్రియాటోయికస్ అని నామకరణము చేసినాడు. నూతినే ఇల్లుగా గలది అని ఆ గ్రీకు మాటల భావము.

సరిగా ఆ కాలముననే, 1884లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ మన కర్నూలు సీమ గుహలను పరిశీలించినాడు. బిల్లసర్గము గుహలలో ప్రాచీన జంతువుల ఎముకలను త్రవ్వి తీసినాడు. గుహలలో గతించిన ప్రాణులకు ఆనాడే చరిత్ర లభించినది గాని, బ్రదికియున్నవాటికి లభించుటకు చాలకాలము పట్టినది. ఫ్రియాటోయికస్ కుటుంబమునకు చుట్టమైన ప్రాణిని కాశీ బావుల నుండి తీసి, నికోల్సియా అను పేరుతో చోప్రా, తివారీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వర్ణించినది 1950లో.

తెలుగుసీమలో ఈ పనికి పూనుకొన్నవారు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ జంతుశాస్త్రాచార్యులు వై. రంగారెడ్డి. పని వినుటకు సులభము. బోరునీటిని, ఏటి ఇసుకలో ఊరిన నీటిని సన్నని వలగుడ్డతో వడగట్టవలెను. మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద వెదకవలెను. దొరికిన ప్రాణి తరచుగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండును. దాని కాళ్లను, దవడలను సూదులతో విడదీసి, మీసములపైనున్న ముళ్లను లెక్కించి, పటము గీసి, లోకములోని తక్కిన జాతులన్నింటితో పోల్చవలెను. ఒక్క కాలి నిర్మాణముతో జాతి నిర్ణయము తారుమారు కావచ్చును.

ఇట్టి శ్రమ ఫలితముగా 2002లో హాబ్రోబాతినెల్లా నాగార్జునై అను జాతి వెలుగు చూచినది. అంతవరకు ఆ ప్రజాతి మడగాస్కరులో మాత్రమే తెలిసియుండెను. 2006లో బస్తరులోని కుటుంసర్ గుహ నుండి రంగారెడ్డిగారు వర్ణించిన మరియొక ప్రాణికి బంధువులు చిలీలోను, ఆస్ట్రేలియాలోను ఉన్నవి.

2011లో పల్నాటి వంతు వచ్చినది. ముచుకుందుడు నిద్రించినాడనియు, యుద్ధానంతరము బ్రహ్మనాయుడు ప్రవేశించినాడనియు జనులు చెప్పుకొను గుత్తికొండ బిలము మనకు కొత్త కాదు. తొలి ఏకాదశికి యాత్రికులు అక్కడ స్నానము చేయుదురు. ఆ గుహాజలములలోని ప్రాణిని సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియమునకు చెందిన జార్జి విల్సన్‌తో కలిసి రంగారెడ్డిగారు పరిశీలించి, ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్ అని పేరిడినారు. ప్రజాతి పేరులోనే ఆంధ్రదేశము నిలిచినది. కొద్ది సంవత్సరములకు అదే ప్రజాతిలో మరియొక జాతి మన సున్నపురాతి గుహలలో దొరికినది. దానికి బెలుము గుహలను 1982–83లో శోధించిన జర్మను అన్వేషకుడు గెబావర్ పేరు పెట్టినారు.

ఆంధ్రకాయిడెస్ దాయాదులు పశ్చిమ ఆస్ట్రేలియాలోను, టాస్మానియాలోను ఉన్నవి. ఈ ప్రాణులు గాలికి ఎగురవు, ఉప్పునీటిని తట్టుకొనలేవు. పిల్లలను తల్లి తన పొట్టక్రింది సంచిలోనే మోయును. మరి సముద్రమును ఎట్లు దాటినవి? దాటలేదు. దేశములే విడిపోయినవి. మన గోండుల సీమ పేరు మీదుగా గోండ్వానా అని పిలువబడు మహాఖండము చీలి, సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రితము భారతభూమి ఆస్ట్రేలియా, అంటార్కిటికాల నుండి వేరుపడినది. కనుక వర్గీకరణ మనగా పేర్ల పట్టిక మాత్రమే కాదు. వ్రాత లేని కాలమునకు అది దస్తావేజు.

ఈ దస్తావేజు ఉన్న పెట్టె మాత్రము చాల పెళుసు. ఒక్కొక్క జాతి ఒక గుహకో, కొద్దిపాటి నేలకో పరిమితమై ఉండవచ్చును. గుత్తికొండకు సమీపమున ఉన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. ఆ బట్టీలకు కావలసినదియు, ఈ ప్రాణులకు ఇల్లయినదియు సున్నపురాయియే. రాయి అవసరమే, నీరు అవసరమే. కాని నీటిమట్టము పడిపోయినపుడు మనము బోరును ఇంకొక వంద అడుగులు దింపుకొందుము. నెర్రెలో నివసించు ప్రాణికి ఆ ఉపాయము లేదు.

మేడ్చల్ వైపు ఎండిన బావి కనబడినచో దానిని చెత్తతో పూడ్చుట మనకు అలవాటైనది. ఆ చెత్త ఊట వాననీటితో దిగి, మనము త్రాగు నీటిలోనే కలియును. నీటిని నమ్ముకొన్న ప్రాణులలో మనమును ఉన్నాము. తక్కినవాటికి పేరు పెట్టు పని ఇంకను సాగుచునే ఉన్నది. ఆ పని ముగియువరకైనను బావులను శుభ్రముగా ఉంచుకొనుట మన చేతిలోనిది.