పొగగొట్టమునకుఁ దూనిక

ప్రొద్దుటూరి బంగారపు బజారులో సరకు తూఁచుటకు ముందు త్రాసును జూతురు. తూనికఱాళ్లను నాలుగేసి నెలల కొకమాఱు పరీక్షించి ముద్ర వేయింపవలెనని కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున విధించెను. కంటి కగపడు బంగారమునకే యింత జాగ్రత్త వలసినపుడు గాలిలోఁ గలసిపోవు ధూళి కెంత వలయును?

ఈ ప్రశ్న ఇంగ్లండున 1863లోనే తలయెత్తెను. సోడా కర్మాగారములు లవణామ్లవాయువులో నూటికి 95 పాళ్లు బయటికిఁ బోకుండఁ బట్టవలెనని యచటఁ జట్టము చేసిరి. 95 పాళ్లని తేల్చుటకు మొత్తము తెలియవలెను. మొత్తము తెలియుటకు గొట్టములో వాయువేగము తెలియవలెను. ప్రథమ పరీక్షాధికారి రాబర్టు ఆంగస్ స్మిత్తు. ఆయన క్రింద నుండిన ఫ్లెచరు వేగమును గొలుచు యంత్ర మొకటి కల్పించెను.

మన సీమలో జమ్మలమడుగు ప్రాంతమున ఎఱ్ఱగుంట్ల, చిలంకూరులందు సున్నపుఱాతి నాశ్రయించి సిమెంటు కర్మాగారములు వెలసినవి. పులివెందులకు సమీపమునఁ దుమ్మలపల్లెలో యురేనియము కర్మాగారము గలదు. కలమళ్లయొద్ద రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము 1994లో పని యారంభించెను. డాబామీఁద నారవేసిన గుడ్డలపై బూడిద రాలినదని గృహిణి చెప్పిన మాట కచేరీలో నిలువదు. అచట సంఖ్య కావలెను. 2003 తుదికి ముందు నెలకొల్పిన బొగ్గు విద్యుత్కేంద్రములకు ఘనపు మీటరునకు 100 మిల్లిగ్రాముల ధూళియు, అటుపిమ్మట 2016 తుదివఱకు నెలకొల్పినవానికి 50 మిల్లిగ్రాములును హద్దని 2015 నాఁటి ప్రకటన.

ఇంత స్వల్పపు తూనికలోఁ దప్పు చొరుట సులభము. పొగలోఁ బెట్టిన పీల్పునాళము పొగ పోవు వేగముతోనే పీల్చవలెను. మెల్లగాఁ బీల్చినచో వాయువు ప్రక్కకుఁ దొలఁగును గాని బరువైన రేణువులు తమ యూపునఁ దిన్నగా లోనికి వచ్చును. ధూళి యున్నదానికంటె నెక్కువగాఁ దేలును. వడిగాఁ బీల్చినచోఁ దక్కువగాఁ దేలును. మొదటి తప్పు యజమానికి నష్టము, రెండవది యూరివారికి. కాఁబట్టి పొగగొట్ట మెక్కకముందే సర్వమును వ్రాసి యుంచుకొనవలెను: ఏ యెత్తున, ఎన్ని చోట్ల, ఎంతసేపు పీల్చుట, అతుకులలో గాలి చొరకుండ నెవరు చూచుట, వడపోఁత కాగితమును ఆరఁబెట్టి యెపుడు తూఁచుట. పొగ తగులని ఖాళీ కాగితము నొకదానిని గూడ వెంటఁ గొనిపోయి తెత్తురు. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. దాని బరువు పెరిగినచో నా ధూళి పొగది గాదు, కొలుచువాని చేతిది!

1981 నాఁటి వాయుచట్టపు 26వ సెక్షను ప్రకారము అధికారి యక్కడికక్కడే నోటీసు నిచ్చి, యజమానిగాని యతని ప్రతినిధిగాని చూచుచుండ నమూనా తీసి, ముద్ర వేసి, ఇరువురి సంతకములతో జాగుచేయక ప్రయోగశాలకుఁ బంపవలెను. యజమాని కావలెనని రాకున్నచో అధికారి సంతకమే చాలును. ఈ క్రమము తప్పిన ఫలితము సాక్ష్యముగాఁ జెల్లదు. అయినను నమూనా చెప్పునది కొన్ని గంటల కథయే. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సిమెంటు, తాపవిద్యుత్తు మొదలగు పరిశ్రమలు రేయింబవళ్లు కొలుచు యంత్రములను బెట్టవలెనని యాదేశించెను. ఆ యంత్రము సరిగాఁ బలుకుచున్నదో లేదో తేల్చుటకు మరల మనుష్యుఁడు పీల్పునాళముతో గొట్ట మెక్కవలసినదే.