మూట మోసిన కుర్రాడి వెనక ఊరు: విశాఖ మన్యం గంజాయి కేసుల్లో బాల న్యాయ చట్టం

గంజాయి 20 కిలోలు దాటితే మత్తుపదార్థాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కగడుతుంది. కనీస శిక్ష పదేళ్లు. 2015 నాటి బాల న్యాయ చట్టమేమో ఏడేళ్లూ అంతకు మించీ కనీస శిక్ష ఉన్న నేరాలన్నిటినీ ఘోర నేరాల పద్దులో వేసింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. చింతపల్లి అవతల ఏదో గూడెంలో పదహారేళ్లు నిండిన కుర్రాడు 19 కిలోల మూటతో దొరికితే అతడిది ‘తీవ్ర’ నేరం. 21 కిలోలతో దొరికితే ‘ఘోర’ నేరం. అప్పుడు అతణ్ణి పెద్దవాడిగా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు సెక్షన్ 15 కింద ప్రాథమిక మదింపు చేయాలి. కనీస శిక్ష లేని నేరాలను ఘోర నేరాలుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2020లో శిల్పా మిత్తల్ కేసులో తేల్చింది. ఆ తీర్పు 19 కిలోల కుర్రాణ్ణి కాపాడుతుంది, 21 కిలోల కుర్రాణ్ణి కాపాడదు. మూటలో ఎంత సరుకు కట్టాలో నిర్ణయించినవాడు మాత్రం ఆ ఇద్దరిలో ఎవడూ కాదు.

చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లలకు స్థానిక సమాజం అండ గురించి మాట్లాడేటప్పుడు మన చర్చ సాధారణంగా తీర్పు తర్వాతి దశ మీదే నడుస్తుంది: కౌన్సెలింగ్, వృత్తి శిక్షణ, పునరావాసం. మన్యం కేసుల వరకైనా ఆ అండ అసలు అవసరమయ్యేది బోర్డు ముందు తొలిసారి హాజరుపరిచిన నాటి నుంచి పదిహేను రోజుల్లోనే అని ఈ వ్యాసం వాదం. పిల్లవాడి తోవ చాలావరకు ఆ పక్షం రోజుల్లోనే ఖాయమైపోతుంది.

చట్టం ఉద్దేశంలో లోపం వెతకడం కష్టం. పట్టుకున్న 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. హోముకు పంపడం చివరి మార్గం కావాలి. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో కనీసం ఒకరు మహిళ, ఉండాలన్నది కూడా ఊరి గొంతు న్యాయస్థానంలో వినబడాలనే. ప్రభుత్వ లెక్కల్లో మరో సంగతి ఏటా కనిపిస్తుంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో బాలలు నిందితులుగా నమోదైన కేసులు 30,555. పట్టుబడిన పిల్లల్లో అత్యధికులు అప్పటికి తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారే. ఏ దిక్కూ లేని పిల్లలే నేరాల్లోకి వస్తారన్న నమ్మకానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. 2016 నమూనా నిబంధనల్లో పోలీసులు నింపాల్సిన సామాజిక నేపథ్య నివేదిక ఒకటి, ప్రొబేషన్ ఆఫీసరు నింపాల్సిన సామాజిక విచారణ నివేదిక ఒకటి ఉన్నాయి. రెండోది చాలా పెద్దది. ఇంట్లో ఎవరెవరున్నారు, బడి ఎందుకు మానాడు, స్నేహితులు ఎలాంటివాళ్లు, ఇరుగుపొరుగు ప్రభావం ఏమిటి అని గళ్లు గళ్లుగా అడుగుతుంది. వాటి మధ్యలో ఒక ప్రశ్న: పెద్దలు గానీ ముఠాలు గానీ ఈ పిల్లవాణ్ణి వాడుకున్నాయా, మత్తుమందుల రవాణాకు వాడారా? అవును, కాదు. మన్యం కేసు మొత్తం ఈ ఒక్క గడిలో ఇమిడిపోతుంది. ‘అవును’ అని రాస్తే, రాసినదానికి ఆధారం చూపిస్తే, కథ మారుతుంది. మత్తుపదార్థాల రవాణాకు పిల్లల్ని వాడుకున్నవారికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష వేసే సెక్షన్ 78 అదే చట్టంలో ఉంది. నిందితుడిగా వచ్చిన పిల్లవాడు ఆ సెక్షన్ కింద బాధితుడు కూడా అవుతాడు. ఆ గడి ఖాళీగా మిగిలితే మిగిలేది తూకం చీటీ ఒక్కటే.

నివేదికకు గడువు పదిహేను రోజులు. పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైమాట. ముంచంగిపుట్టు, పెదబయలు దాటి లోపలి గూడేలకు వెళ్లాలంటే రోజు చాలదు. వానాకాలమైతే చెప్పనక్కర్లేదు. పైగా ఇంటి భాష ఆదివాసీ ఒడియా గానీ కువి గానీ కావచ్చు. తల్లి చెప్పేది మూడో మనిషి తర్జుమా చేస్తే తప్ప ఆఫీసరుకు అందదు. పిల్లవాడు దొరికింది సికింద్రాబాదులోనో ఇంకో రాష్ట్రంలోనో అయితే దూరం ఇంకా పెరుగుతుంది. ఇలాంటప్పుడు హోములో కూర్చున్న పిల్లవాణ్ణే నాలుగు ప్రశ్నలడిగి గళ్లు నింపేస్తే, ఊరు చూడకుండా ఊరి గురించి రాసిన నివేదిక తయారవుతుంది. ఆఫీసర్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఖాళీలు భర్తీ చేయమని సుప్రీంకోర్టే 2018లో సంపూర్ణా బెహురా కేసులో రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

వయసు రుజువు ఇంకో మెలిక. సెక్షన్ 94 ప్రకారం ముందు బడి ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ చూడాలి, అవి లేకుంటే పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఇంట్లోనే పుట్టి, జననం నమోదు కాని పిల్లలకు ఆశ్రమ పాఠశాల అడ్మిషన్ రిజిస్టరే దిక్కు. దాని నకలు సమయానికి రాకపోతే పదిహేడేళ్లవాడు పెద్దల జైలు గడప తొక్కే ప్రమాదం ఉంది. గంజాయి ఖైదీలతో విశాఖ కేంద్ర కారాగారం కిక్కిరిసిందన్నది కొత్త వార్తేమీ కాదు. కాబట్టి స్థానిక సమాజం చేయగల సాయాల్లో మొదటిది ఏ మహత్కార్యమూ కాదు: హెడ్మాస్టరు సంతకంతో ఒక కాగితం లాయరుకు చేరడం.

బెయిలుకు ఎన్‌డీపీఎస్ కఠిన షరతులు అడ్డొస్తాయని చాలామంది అనుకుంటారు. బాల న్యాయ చట్టం సెక్షన్ 12 మరే చట్టంలో ఏమున్నప్పటికీ పిల్లవాణ్ణి బెయిలుపై వదలాలంటుంది. పలు హైకోర్టులు గంజాయి కేసుల్లోనూ దీన్నే పాటించాయి. నిరాకరించడానికి మూడే కారణాలున్నాయి. వాటిలో మొదటిది, బయటికొస్తే నేరగాళ్ల సావాసంలో పడతాడన్నది. ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. మూట అప్పజెప్పినవాడు అదే ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటాడు. అడ్వాన్సు ఇచ్చిన చెయ్యీ అదే. మరి పిల్లవాణ్ణి ఊరికే అప్పగించడం క్షేమమేనా?

అప్పగించే చోటును ‘ఊరు’ అన్నంత గుత్తగా చట్టం చెప్పలేదు. పిల్లవాడి బాధ్యత తీసుకోవడానికి సిద్ధపడి, విచారణ తర్వాత బోర్డు గుర్తించిన ఏ వ్యక్తి అయినా సెక్షన్ 2(28) కింద ‘ఫిట్ పర్సన్’ కావచ్చు. ఆశ్రమ పాఠశాల వార్డెన్, అంగన్‌వాడీ టీచరు, పక్క మండలంలో కాఫీ తోట ఉన్న మేనమామ, ఎవరైనా కావచ్చు. గంజాయి తోటతో సంబంధం లేని చోటు కావాలి, అంతే. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. తోటలు నరికినంత పట్టుదలగా అలాంటి మనుషుల్ని వెతకలేదన్నది నా అభిప్రాయం.

పత్రికలకూ ఒక మాట. ప్రెస్‌మీట్లో మూటల వెనక ముసుగేసి నిలబెట్టినంత మాత్రాన సెక్షన్ 74ను పాటించినట్టు కాదు. పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలైన ఏ వివరమైనా నిషిద్ధమే. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ముప్ఫై గడపల గూడెం పేరు, తండ్రి పేరు అచ్చువేశాక ముసుగెందుకు? సాధారణంగా పాత కేసు ఉద్యోగానికి అనర్హత కాకూడదని, రికార్డు ధ్వంసం చేయాలని సెక్షన్ 24 చెబుతోంది. కాగితం చింపేస్తారు సరే, పేపరు క్లిప్పింగు సెల్‌ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

పాడేరు ఐటీడీఏ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, న్యాయ సేవాధికార సంస్థ కలిసి కూర్చుంటే మూడు పనులు వెంటనే మొదలుపెట్టవచ్చు. మండలానికి కొందరు ఫిట్ పర్సన్లను ముందుగానే విచారించి బోర్డు దగ్గర జాబితా ఉంచడం. సామాజిక విచారణకు వెళ్లే ఆఫీసరు వెంట ఆ భాష తెలిసిన మనిషిని పంపి, ఇద్దరికీ ప్రయాణ ఖర్చులివ్వడం. పిల్లవాడు దొరికిన రోజే అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించడం. వీటిలో ఒక్కదానికీ చట్ట సవరణ అక్కర్లేదు. అధికారం సెక్షన్ 2(28)లో, గడువు సెక్షన్ 8లో 2016 జనవరి 15న చట్టం అమల్లోకి వచ్చిన నాటి నుంచీ ఉన్నాయి.