పెన్నపై పుట్టి, తెడ్డు: గుత్తి సీమలో జలవిహారానికి చారిత్రక భూమిక

ఉపోద్ఘాతం

బుక్కరాయల కాలపు శాసనం దుర్గాలకు రాజుగా కీర్తించిన గుత్తికోట పక్కన నది లేదు. బావులు, రాతిలో వాననీటిని పట్టి ఉంచిన గుంటలే ఆ కోటకు జలాధారాలు. కోటకు దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, పామిడి వద్ద పెన్న ప్రవహిస్తుంది. ప్రవహిస్తుందనే మాట ఏడాదిలో కొద్దికాలానికే వర్తిస్తుంది. ఇటువంటి నదిని పడవ విహారానికి, వినోదానికి అనువుగా తీర్చిదిద్దాలన్న ఆలోచన ఇటీవల బలపడుతున్నది. దీనికి ఈ సీమ చరిత్రలో ఉన్న ఆధారమేమిటో, ఆ చరిత్ర నేటి ప్రణాళికలకు విధించే షరతులేమిటో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నది స్వభావం

కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో ప్రవేశించి, ఉత్తరంగా సాగి, పెన్నహోబిలం దాటాక తూర్పుకు తిరిగి పామిడి, తాడిపత్రి, గండికోటల మీదుగా పోతుంది. అనంతపురం సీమలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల పెన్న అధికకాలం ఇసుక నదిగానే కనిపిస్తుంది. ఒడ్డున బతికినవారు ఆ ఇసుకలో చెలమలు తోడి తాగునీరు పట్టుకున్నారు, ఊటకాలువలు తవ్వి పొలాలు తడిపారు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున వెలసిన రామలింగేశ్వరుని పేరుకు ముందు ‘బుగ్గ’ చేరడం కూడా ఊటనీటి మహిమనే చెబుతున్నది. నీటి కొరత రాజ్యాల నడుమ వివాదంగానూ మారింది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న నదీజలాల ఒప్పందంలో ఉత్తర పినాకినితోపాటు దాని ఉపనదులు చిత్రావతి, పాపాఘ్ని చేరడం ఇందుకు నిదర్శనం.

పుట్టి, అరిగోలు

నీరున్న నాళ్లలో ఈ సీమవారు ఏరు దాటినది పుట్టిలో. దీనినే అరిగోలు అనీ, హరిగోలు అనీ వ్యవహరిస్తారు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ గుండ్రని పడవలను చూశాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు కప్పడం, పదిహేను ఇరవై మందిని మోయగలగడం, తెడ్డు వేస్తుంటే గిరగిర తిరుగుతూ సాగడం అతడు నమోదు చేసిన వివరాలు. రాజ్యంలోని ఏళ్లలో ఇవి తప్ప వేరే పడవలు లేవని కూడా అతడు రాశాడు. గుత్తిసీమ ఆ రాజ్యంలో భాగం కనుక ఈ సాక్ష్యం దానికీ వర్తిస్తుందని భావించవచ్చు. పుట్టి అడుగు చదునుగా ఉంటుంది. లోతు తక్కువైన నీటిలోనూ అది తేలుతుంది, ఏరు ఎండితే తలకెత్తుకొని పోవచ్చు. ఏడాదంతా పారని నదులకు తగిన సాధనమది. అయితే అది శ్రమసాధనమే గాని విహారసాధనంగా పుట్టలేదు.

సలిలక్రీడ, తెప్పోత్సవం

జలవిహారానికి సాహిత్యంలో వేరొక స్థానముంది. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనలలో సలిలక్రీడ ఒకటి. ఆ క్రీడ సాధారణంగా నాయికానాయకులది, రాజపరివారానిది. సామాన్యునికి నీటి వేడుకలో పాలు దక్కినది దేవాలయ కోనేటిలో జరిగే తెప్పోత్సవంలో. అక్కడ నీటిపై తేలేది దేవుడు, గట్టున నిలిచి చూసేది జనం. ఈ రెండింటికీ ఆధారం నిలువనీరే. ఆ నీటిని నిలిపిన శాస్త్రం 14వ శతాబ్దానికే ఈ ప్రాంతంలో ప్రౌఢదశకు చేరింది. కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం (1369) చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, కలుగరాని ఆరు దోషాలను పేర్కొన్నది.

ఈ సంప్రదాయానికి ఎదురుగా నిలిచే కావ్యం విద్వాన్ విశ్వం ‘పెన్నేటిపాట’. అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించిన విశ్వం పెన్న ఒడ్డున బతికే రంగడు, గంగమ్మల పేదరికాన్ని కావ్యవస్తువుగా స్వీకరించాడు. ప్రబంధకవికి నీరు శృంగారానికి ఉద్దీపనం. విశ్వానికి నీటి లేమి జీవన విషాదానికి మూలం. నేటి విహార ప్రణాళికలు ఈ రెండు దృష్టులలో దేనిని స్వీకరిస్తాయన్నదే అసలు ప్రశ్న.

వర్తమానం

పెన్నలో నేడు నిలిచిన నీటిలో అధికభాగం పెన్నది కాదు. పెన్నహోబిలం జలాశయానికి, పెనకచెర్ల వద్ద ఉన్న మధ్య పెన్నారు జలాశయానికి తుంగభద్ర ఎగువకాలువ నీరు వస్తుంది. 26.85 టి.ఎం.సి.ల సామర్థ్యం గల గండికోట జలాశయాన్ని ప్రధానంగా గాలేరు-నగరి పథకం ద్వారా కృష్ణాజలాలు నింపుతున్నాయి. అక్కడి ఎర్రరాతి గండి నడుమ పర్యాటకులు కయాక్ పడవలు నడుపుతున్నారు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వం గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. అదే జలాశయం నిండడానికి తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామాలు మునిగిపోయాయి. కనుక అక్కడి విహారాన్ని ముంపువాసుల త్యాగంతో కలిపి లెక్కించడం న్యాయం.

రెండవ అంశం ప్రాణరక్షణ. 2017 ఏప్రిల్ 28న గుత్తికి సమీపంలోని గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పడవ మునిగి, సరదాగా షికారుకు వెళ్లిన పదిమందికి పైగా మరణించారు. మృతులలో పిల్లలున్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం మరింత పెద్దది. ఏడాదిలో అధికభాగం నీరు చూడని సీమలో ఈత నేర్చే అవకాశం తక్కువ. నీరు కనబడినప్పుడు కలిగే ఆనందం మాత్రం ఎక్కువ. ఎర్రతిమ్మరాజు చెరువు విషాదాన్ని ఈ రెండింటి నడుమ ఉన్న అంతరం నుంచి అర్థం చేసుకోవాలి. ఎక్కేవారి సంఖ్యకు పరిమితి, ప్రతివారికీ రక్షణ కవచం, శిక్షణ పొందిన సరంగు అనేవి ఇక్కడ విహారానికి కనీస నియమాలు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఈ సీమలో జలవిహారం ప్రవహించే ఏటిపై గాక నిలువనీటిపై ఆధారపడిన సంప్రదాయం. కనుక పామిడి ఇసుకలో ఏడాదంతా పడవలు నడపాలనుకోవడం కంటే, జలాశయాలలో నీటిమట్టాన్ని అనుసరించి కొన్ని నెలల విహారానికి ఏర్పాట్లు చేయడం నది స్వభావానికి తగినది. రెండవది, ఆ నీరు ముందుగా తాగునీరు, సాగునీరు. విహారం ఆ అవసరాల తరువాతిది. మూడవది, పుట్టి నడిపే నేర్పు నేటికీ చేపలు పట్టే బెస్తల చేతుల్లో ఉంది. కొత్త పడవలతోపాటు ఆ నేర్పుకూ చోటు కల్పిస్తే, ప్రబంధాలలో రాజులకు పరిమితమైన సలిలక్రీడలో రంగడికీ, గంగమ్మకూ పాలు దక్కుతుంది. పెన్న ఒడ్డువారికి జీవనోపాధిగా మారని విహారం ఈ నది చరిత్రకు కొనసాగింపు కాజాలదు.