మా జేజినాయన తుపాకి ఖరీదెంత?

మొన్న సంక్రాంతికి గిద్దలూరు దగ్గర మా పల్లెకి వెళ్ళాను. అటక దులుపుతుంటే గోనెపట్టాలో చుట్టిన మా జేజినాయన తుపాకి బయటపడింది. మా అన్న మొదటి మాట, "రేయ్, ఎంతొస్తాదిరా దీనికి?" అప్పటికప్పుడే ఫోన్లో చూసేశాడు. అమెరికాలో ఇలాంటివి వందల నుంచి వేల డాలర్ల దాకా పోతున్నాయి. ఇంకేం, ట్రాక్టరు వాయిదాలు తీరిపోయినట్టే!

పైగా మా ఇంట్లో దీనికో కథ ఉంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా కొట్టి, గిద్దలూరు వైపొచ్చి కంపెనీ సైన్యంతో తలపడ్డప్పుడు ఆయన మనుషులు మా పెద్దల దగ్గర వదిలిపోయారట. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు ఒళ్ళు పులకరించేది.

మా అన్న కిరసనాయిలు, ఉప్పుకాగితం తెచ్చాడు. చేతిలోంచి లాక్కున్నాను. పాత తుపాకి విలువంతా దాని మీది ముద్రల్లో ఉంటుంది, అవి అరిగితే మిగిలేది తుక్కు ఇనుమే. మెత్తటి గుడ్డతో దుమ్ము మాత్రం తుడిచాను. పక్క రేకు మీద కిరీటం, కింద వీఆర్, అంటే విక్టోరియా రాణి. ముందువైపు 1862, ఎన్‌ఫీల్డ్.

కథ అక్కడే కూలింది. నరసింహారెడ్డిని ఉరి తీసింది 1847లో.

గొట్టం వెనక పక్కకి తెరుచుకునే మూత కూడా ఉంది. అంటే మొదట మూతి నుంచి మందు కూరే ఎన్‌ఫీల్డ్‌గా పుట్టి, 1866 తర్వాత వెనక నుంచి తూటా పెట్టే స్నైడర్‌గా మారిందన్నమాట. పాత కోడ్‌కి కొత్త మాడ్యూల్ తగిలించినట్టు. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళు మన సిపాయిలకి ఎప్పుడూ ఒక తరం పాత తుపాకే ఇచ్చేవాళ్ళు. వాళ్ళు 1871 నాటి మార్టినీ-హెన్రీకి మారాక స్నైడర్లు మనవాళ్ళకి దిగాయి. (ఆన్‌సైట్‌లో వాడేసిన లాప్‌టాపులు ఆఫ్‌షోర్‌కి వచ్చినట్టు అనుకోండి.)

కర్ర మీద ఇంకో గుర్తు, ఎదురెదురుగా ముక్కులు పెట్టుకున్న రెండు బాణాలు. సైన్యం వాడకం నుంచి తీసేసి అమ్మిన సరుకని దానర్థం. మావాళ్ళు దొంగిలించలేదు, ఎవరి దగ్గరా దాచలేదు, ఎక్కడో కొన్నారు. నాకు ఊరటో నిరాశో చెప్పలేను. మా నాయనకి మాత్రం కోపమొచ్చింది, "నీ రేకు ముక్క మా నాయన కంటే ఎక్కువా" అని.

ఇక డాలర్ల సంగతి. అక్కడ 1898, అంతకు ముందు చేసినవి ఫెడరల్ చట్టం లెక్కలో పురాతన వస్తువులు, లైసెన్సు గోల లేదు. 2003లో నేపాల్ రాజుల పాత ఆయుధాగారం నుంచి వేలకొద్దీ కొని తెచ్చి అమ్ముకున్నారు కూడా. మన దగ్గర 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుల్ని సొంతంగా బయటికి పంపకూడదు. కాబట్టి ఆ రేటు మనకి రేటే కాదు. ఇక్కడ కొనాలంటే కొనేవాడికీ లైసెన్సుండాలి. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకి తగ్గింది, వారసత్వంగా వచ్చినవీ అందులోనే లెక్క. పనికొచ్చే తుపాకులే వదిలించుకుంటుంటే ఈ ముసలి స్నైడర్ని ఎవడు కొంటాడు?

అసలు భయం వేరే. ట్రంకుపెట్టెలో లైసెన్సు పుస్తకం దొరికింది. ముందు పేజీల్లో కర్నూలు ముద్రలు, 1970లో మేం ప్రకాశంలో కలిశాక ఒంగోలు ముద్రలు. జేజినాయన పోయాక ఒక్క ముద్రా లేదు. అంటే ఇన్నేళ్ళూ మా అటక మీద ఉన్నది ఆస్తి కాదు, కేసు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ పాతకాలపు తుపాకుల్ని వదిలేస్తుంది గానీ, రిపేరు చేసినా పేలదంటేనే. మాది పేలుతుందో లేదో నేనెవర్ని చెప్పడానికి? 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్లో అప్పగించాలి. 2016 రూల్సులో వారసులు లైసెన్సు అడిగే వీలుంది.

మా అన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే బండి తీశాడు. లాయర్ని వెంటబెట్టుకుని వెళ్ళి అప్పగించి రసీదు తీసుకున్నాం. వారసుడి లైసెన్సుకి దరఖాస్తు నాయన పేరు మీదే పెట్టాం. సంతకం పెడుతూ ఆయన రైటర్‌కి నరసింహారెడ్డి కథ మొత్తం చెప్పాడు. నేను అడ్డుపడలేదు.