నమూనా రైళ్లు: పట్టాలు, చక్రముల పొందిక

అసలు రైలును నియత నిష్పత్తిలో కుదించి నిర్మించు నమూనాలలో పట్టాలకును చక్రములకును ఉండవలసిన పరస్పరానుగుణ్యము ఎంత ముఖ్యమో, నంద్యాల స్టేషను చరిత్ర నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1871లో మద్రాసు రైల్వేవారి మార్గము కడప, గుంతకల్లుల మీదుగ రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసెను. దాని గేజి, అనగా పట్టాల నడిమి దూరము, 1676 మిల్లీమీటర్లు; దీనినే బ్రాడుగేజి యందురు. పిమ్మట వ్యయలాఘవము కోరి వేసిన మీటరుగేజి మార్గము గుంతకల్లునుండి నంద్యాల మీదుగ నల్లమల కొండలను దాటి గుంటూరు వైపు సాగెను. ఒక మార్గపు చక్రము వేరొక మార్గపు పట్టాలపై నడువజాలదు గనుక గుంతకల్లులో సరకును బండినుండి బండికి మార్చవలసివచ్చెను. 1990 దశకమున నంద్యాల మార్గము బ్రాడుగేజిగ మారినపిదప గాని ఈ క్లేశము తీరలేదు.

నమూనాలలోను ఇట్టి చిక్కే తలయెత్తినది. 1891లో జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థ లైప్జిగ్ సంతలో సంఖ్యలచే గుర్తింపబడు గేజిలను ప్రవేశపెట్టి పట్టాల నడిమి దూరమునకు ఒక క్రమము కల్పించినను, చక్రపు అంచు, అనగా ఫ్లాంజి, ఎంత లోతుండవలెనో తయారీదారులు తమ యిచ్ఛవచ్చినట్లు నిర్ణయించుకొనుచుండిరి. అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, ఐరోపాలో 1954లో మోరోప్ అను నమూనా రైళ్ల సమాఖ్య ఏర్పడి ప్రమాణములను రూపొందించినపిదప ఈ అరాచకము చాలవఱకు సద్దుమణిగెను.

పట్టా యెత్తును అంగుళములో వేయవ వంతులుగ లెక్కించి ‘కోడ్’ అందురు. కోడ్ 100 పట్టా 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 70 పట్టా 1.78 మిల్లీమీటర్లు ఎత్తుండును. లోతైన ఫ్లాంజిగల పాత చక్రములు మొదటిదానిపై సాఫీగ పరుగెత్తి, రెండవదానిపై పట్టాను పట్టియుంచు మేకుల తలలను తాకి ఎగిరిపడుట కలదు. అంతకంటె సూక్ష్మమైనది, పలువురు ఉపేక్షించునది, ఒకే ఇరుసుపైనున్న రెండు చక్రముల వెనుక ముఖముల నడిమి దూరము. అది తగ్గినచో చక్రములు క్రాసింగువద్ద, అనగా పట్టాలు ఒకదానినొకటి దాటు చోట, లోపలి రక్షకపట్టాలను ఒరసికొని బిగిసిపోవును. హెచ్చినచో ఫ్లాంజి క్రాసింగు మొనను ఢీకొని బండి పట్టాలు తప్పును. గేజి సరిగానున్నదని తృప్తిచెందిన ఔత్సాహికుడు, పాయింటుపై, అనగా మార్గము చీలు చోట, బండి పడిపోవుటకు కారణమెఱుగక పట్టాను నిందించుట ఇందువలననే.

హెచ్‌ఓ అనబడు 1:87 నిష్పత్తిలో వాడుకలోనున్న 16.5 మిల్లీమీటర్ల పట్టా 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోవును. మన బ్రాడుగేజికి అదే నిష్పత్తిలో సుమారు 19.3 మిల్లీమీటర్లు కావలెను గనుక, 16.5 మిల్లీమీటర్ల పట్టాపై నిలిపిన భారతీయ బండి చూపునకు ఇఱుకుగ నుండును. మీటరుగేజికో, కావలసినది 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. హెచ్‌ఓఎమ్ అను పేర దొరకు 12 మిల్లీమీటర్ల పట్టా దానికి మిక్కిలి చేరువ. కావున నల్లమల నాటి మార్గమును తిరిగి రూపింపదలచినవారు ఈ పట్టానే గ్రహించి, దానికి తగిన ఇరుసునొకటి ముందుగ సంపాదించి పాయింటుపై దొర్లించి చూచినపిదపనే తక్కిన సామగ్రిని కొనుట యుక్తము.